బగారన్నం తిన్న రాత్రి

మా చెల్లె పెళ్లిలో పొద్దంతా కుర్చీలు మోసి, రాత్రి పదకొండింటికి ఆకలి మీద బగారన్నం మారు వడ్డించుకుని తిన్నా. పైన నాలుగు జిలేబీలు. తెల్లారగట్ల నాలుగింటికి లేద్దామంటే కాళ్లు రాలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, గిల్లితే తెలుస్తోంది. వేళ్లు ఆడుతున్నాయి, తొడలు మాత్రం లేవట్లేదు. "బాపూ!" అని అరిచా. గొంతు బాగానే ఉంది.

పక్షవాతమని అమ్మ ఏడుపు. దిష్టి అని మేనత్త మిరపకాయలు తిప్పింది. ఊళ్లో ఆరెంపీ నీరసమని గ్లూకోజు ఎక్కించాడు. సీసా సగమయ్యేసరికి చేతులూ లేవలేదు. గ్లూకోజుతో ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న కాస్త పొటాషియాన్నీ కండరాల్లోకి నెడుతుందని తర్వాత తెలిసింది. ఆయన్ని ఏమనను, మా ఊళ్లో నీరసమంటే అదే వైద్యం.

వరంగల్‌ తీసుకెళ్తే అక్కడ పొటాషియం 1.9 వచ్చింది. 3.5కి తగ్గకూడదట. ఈసీజీ తీసి, మానిటర్ తగిలించి, డాక్టరమ్మ పొటాషియం సిరప్ కొంచెం కొంచెంగా తాగించింది. పాడు రుచి, ఉప్పుకషాయం. ఇంకాస్త పోయండని బాపు బతిమాలితే ఒప్పుకోలేదు: "అది ఒంట్లోంచి పోలేదు పెద్దాయనా, కండరాల్లోకి దూరింది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కువైతే గుండెకు ముప్పు."

మధ్యాహ్నానికి చేతులొచ్చాయి. చాపమని వేళ్ల మీద తెల్లకాగితం పెట్టింది. కాగితం టపటపా కొట్టుకుంది. బరువు తగ్గావా అంది. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు! తిండి తగ్గలేదు, పొట్ట పోయిందని నేను సంబరపడుతున్నా. చలికాలంలో ఫ్యానేంది, చాయ్ గ్లాసు వణుకుడేంది అని నా భార్య అడుగుతూనే ఉంది. మెడలోని థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందేమో అంది డాక్టరమ్మ. థైరాయిడ్ ఆడోళ్ల రోగమని నా లెక్క. థైరాయిడ్ వాళ్లకే ఎక్కువట, కానీ దానివల్ల ఇలా కాళ్లు పడిపోయేది ఎక్కువగా మగవాళ్లకు, అందులోనూ మన ఆసియా వాళ్లకు. పరీక్షలో టీఎస్‌హెచ్ 0.01 కూడా లేదు; థైరాయిడ్ అతిగా పనిచేస్తే ఈ హార్మోన్ ఇలా పడిపోతుందట.

రాత్రికి గోడ పట్టుకుని నడిచా. థైరాయిడ్ జోరు తగ్గించే కార్బిమజోల్, వణుకు తగ్గించే ప్రొప్రనోలోల్ రాసిచ్చారు. జ్వరం, గొంతునొప్పి వస్తే కార్బిమజోల్ ఆపి వెంటనే రక్తపరీక్షకు రమ్మన్నారు, ఆ మాత్రతో అరుదుగా తెల్లకణాలు పడిపోతాయట. థైరాయిడ్ దారికొచ్చేదాకా రాత్రిళ్లు అన్నం, తీపి తగ్గించమన్నారు. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి అరిసెలు ఆగకుండా తిని, మర్నాడు మెట్ల మీద చతికిలబడ్డా. ఇంటామె అరిసెల డబ్బా అటక మీద పెట్టింది.

మళ్లీ రాలేదు. కానీ నాలుగింటికి మెలకువొస్తే, దుప్పటి కింద మోకాళ్లు ఓసారి ముడిచి చూసుకునే లేస్తా.