ఎన్‌జీసీ 2478 దగ్గర ఏమీ లేదు

ఎం 47 (మెస్సియర్ జాబితాలో 47వది) అనే నక్షత్ర గుచ్ఛాన్ని చూడాలని ఒక పాత పట్టిక ముందేసుకుని కూర్చున్నాను. అందులో దాని ఎదురుగా ఎన్‌జీసీ 2478 అని ఉంది (ఎన్‌జీసీ అంటే న్యూ జనరల్ కేటలాగ్, ఖగోళ వస్తువుల జాబితా). ఆ స్థానానికి టెలిస్కోప్ తిప్పితే ఐపీస్‌లో అక్కడక్కడా నాలుగు చుక్కలు తప్ప గుచ్ఛం అనదగ్గది ఏదీ లేదు. నా అమరికే తప్పిందేమోనని సిరియస్ నక్షత్రం దగ్గరికి వెళ్ళి సరిచూసుకుని మళ్ళీ వచ్చాను. గంట గడిచినా అదే ఖాళీ.

మర్నాడు ఖగోళ వస్తువుల ఆన్‌లైన్ డేటాబేస్ అయిన సిమ్‌బ్యాడ్‌లో ఎం 47 అని వెతికితే ఎన్‌జీసీ 2422 అని వచ్చింది. మరి 2478 ఏమిటి? ఆ ప్రశ్న రోజంతా వదల్లేదు.

సంగతి ఇదీ. 1771లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త మెస్సియర్ (ఎం నంబర్లు ఆయన జాబితావే) ఈ గుచ్ఛాన్ని చూసి, దగ్గర్లోని ఒక నక్షత్రాన్ని ఆధారంగా తీసుకుని స్థానం లెక్కగట్టాడు. అక్కడ తీసివేయాల్సింది కూడినట్టయింది. నక్షత్రానికి పడమర ఉన్న గుచ్ఛం తూర్పుకి చేరింది. తేడా నాలుగు డిగ్రీల పైనే! 1888లో ఖగోళ శాస్త్రవేత్త డ్రేయర్ ఎన్‌జీసీని కూర్చినప్పుడు ఆ ఖాళీ చోటుకి 2478 అని నంబరు పడింది. అసలు గుచ్ఛం 2422గా అదే పుస్తకంలో విడిగా ఉంది.

అప్పటి నుంచి ఏ పేరు చూసినా ముందు అది ఎవరి జాబితాలోదో చూస్తున్నాను. ఎన్‌జీసీలోని 7840 నంబర్లు 1860 నాటి విషువాంశ (ఆకాశంలో తూర్పు-పడమర స్థానాన్ని చెప్పే కొలత) క్రమంలో ఉంటాయి కాబట్టి, నంబరే ఆకాశంలో ఏ వైపో కొంత చెబుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ 224, హెర్క్యులిస్‌లోని ఎం 13 అయితే 6205. మెస్సియర్ నంబర్లతో అలా కుదరదు. ఒక్కోసారి ఒకే వస్తువుకి రెండు నంబర్లుంటాయి: ఎం 76కి 650, 651. కృత్తికలకైతే (ఎం 45) గుచ్ఛంగా అసలు ఎన్‌జీసీ నంబరే లేదు. అందుకే పేరుతో ఆగకుండా స్థానాంకాలు, రకం, సైజు కూడా సరిపోల్చుకున్నాకే రాసుకుంటున్నాను.

ఆకాశం తేటపడ్డ రోజున సిరియస్ నుంచి సుమారు పన్నెండు డిగ్రీలు తూర్పుకి జరిపాను. ఎం 47 గురి చూసుకునే చిన్న దుర్బిణి అయిన ఫైండర్‌లోనే మెరిసింది. కాస్త పక్కనే పిండి చల్లినట్టు ఎం 46, అంటే ఎన్‌జీసీ 2437. దాని ఉత్తరపు అంచున చిన్న బూడిదరంగు గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. అదొక గ్రహ నీహారిక, అంటే ఓ నక్షత్రం చివరి దశలో వెదజల్లిన వాయువు. పట్టికలో చూశాను, సరిగ్గా తర్వాతి నంబరే: 2438.