డ్యూటీలు చేసుకుంటూ బడి పేరెంట్స్ కమిటీలో – నా అనుభవం

మా పాప అప్పుడు నాలుగో తరగతి. పొద్దున ఇచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రానికి నిండుగా అలాగే తెచ్చేది. నీళ్ళెందుకు తాగట్లేదే అని రోజూ కోప్పడేదాన్ని. ఒకరోజు రాత్రి జడ వేస్తుంటే మెల్లగా చెప్పింది, బాత్రూంలో నీళ్ళు రావమ్మా, అందుకే మేమెవరం తాగం అని. "మేమెవరం" అంది చూడండి, ఆ మాటకి నా కడుపు తరుక్కుపోయింది. పదేళ్ళు కూడా లేని ఆడపిల్లలు అందరూ కలిసి దాహం ఆపుకుంటున్నారన్నమాట, మాకెవరికీ తెలీకుండా.

మాది గుంటూరు జిల్లాలో పల్లెటూరు. నేను టౌన్లో ఒక ప్రైవేట్ హాస్పిటల్ మందుల షాపులో చేస్తా, ఒకవారం పగలు ఒకవారం నైట్. మా ఆయన లారీ ఎక్కితే మళ్ళీ పది పదిహేను రోజులకి గానీ ఇంటికి రారు. బాబు కూడా అదే బళ్ళో రెండో తరగతి. అంటే నాకు టైం ఎంత ఉంటుందో మీకే అర్థమవుతుంది, అందుకే కమిటీ అంటే అది తీరిక ఉన్నవాళ్ళ పని అనే అనుకునేదాన్ని.

2024 ఆగస్టు 8న స్కూల్ కమిటీల ఎన్నికలు పెట్టారు. నైట్ డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా అటే వెళ్ళా. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకోవాలి, వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళే ఉండాలి. అలా గెలిచినవాళ్ళలోంచి ఛైర్మన్, వైస్ ఛైర్మన్. హెచ్ఎం (హెడ్మిస్ట్రెస్) గారు కన్వీనర్, ఇంకా అంగన్వాడీ టీచరు, ఊరి నర్సమ్మ (ఏఎన్ఎం) లాంటి వాళ్ళు కూడా ఉంటారు కానీ విద్యాహక్కు చట్టం ప్రకారం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులమే. ఆ సంగతి నాకు ఆరోజే తెలిసింది. మా తరగతికి చేతులెత్తించారు, నాకు ఎక్కువ చేతులు లేచాయి.

అప్పుడే హెచ్ఎం మేడంతో ఉన్నమాట చెప్పేశా. మేడం, మధ్యాహ్నం మీటింగులకి ప్రతిసారీ రాలేను, అన్నింట్లో ఉంటానని చెప్పి తర్వాత మొహం చాటేయడం నా వల్ల కాదు, ఒక్క నీళ్ళ పని మాత్రం పూర్తిగా నాకు వదిలేయండి అన్నా. ఆవిడ ఏమీ అనుకోలేదు, అదే చాలమ్మా అన్నారు. బిజీగా ఉండే అమ్మానాన్నలకి నేను చెప్పేది కూడా ఇదే, చేయగలిగింది ఒక్కటి ముందే పట్టుకుని రాలేని టైం కూడా ముందే చెప్పేయండి, ఎవరికీ మనమీద కంప్లయింట్ ఉండదు.

ఇక నీళ్ళ సంగతి. మోటార్ కాలిపోయిందేమో, పైపులు పాడయ్యాయేమో, పాతికవేలు పెడితే గానీ తేలదేమో అని అందరూ తలోమాట. నేను బళ్ళో పనిచేసే ఆయమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అడిగా. అమ్మా, పంచాయతీ నీళ్ళు పొద్దున ఆరింటికి వదిలి ఏడింటికి కట్టేస్తారు, బడి తెరిచేది ఎనిమిదిన్నర దాటాక, ఇక సంపులోకి నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి అంది. ఇంతే! గేట్ వాల్వ్ తిప్పేవాళ్ళు లేక సంపు ఎండిపోతోంది. పాపం ఆయమ్మే పక్కింటి బోరు నుంచి బకెట్లతో మోసేది, అవి మగపిల్లల వైపుకే సరిపోయేవి కాదు.

నేను పగలు డ్యూటీ అయితే ఆరుంబావుకి బడి ముందునుంచే బస్‌స్టాప్‌కి నడుస్తా. మేడంని అడిగి గేటు తాళంచెవి ఒకటి తీసుకున్నా. మొదటిరోజు వాల్వ్ తిప్పితే తుప్పు పట్టేసి కదల్లేదు, చీరకొంగు చుట్టి తిప్పా, బుస్సుమని ముందు గాలి, తర్వాత ఎర్రమట్టి నీళ్ళు, ఆ తర్వాత తెల్లటి నీళ్ళు. సంపు నిండటానికి నలభై నిమిషాలు పడుతుంది, అంతసేపు ఉండలేను కాబట్టి మా వీధిలో వదిన ఒకామె ఏడింటికి వచ్చి కట్టేసేలా మాట్లాడుకున్నాం.

నీళ్ళు వచ్చాక తెలిసింది, ఆడపిల్లల వైపు రెండు కుళాయిలు పోయాయి, లోపల గడియ కూడా లేదు. దీనికి స్కూల్ గ్రాంట్ వాడొచ్చు. మా బళ్ళో 86 మంది పిల్లలు, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం లెక్కలో 31 నుంచి 100 మంది ఉన్న బడికి ఏడాదికి 25,000, అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకి పెట్టాలి. కాకపోతే కమిటీ తీర్మానం రాయాలి, సభ్యుల సంతకాలు, బిల్లు అన్నీ కావాలి. మాకు తెలిసిన ప్లంబర్‌తో 2,300కి చేయించేశాం, అతని దగ్గర బిల్లు లేదు, ఆ డబ్బులు వెనక్కి రావడానికి రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. ముందు తీర్మానం, తర్వాత బిల్లిచ్చే షాపులోనే సామాన్లు, ఆ తర్వాతే పని. ఈ వరస తప్పితే మన చేతి డబ్బులు ఇరుక్కుపోతాయి.

మీటింగుల టైం దగ్గర మాత్రం చాలా కష్టపడ్డాం. మధ్యాహ్నం మూడింటికి పెడితే సగం మంది రారు. మాది మిరప ప్రాంతం, జనవరి తర్వాత కోతలు మొదలైతే తల్లులు తెల్లారగట్లే ఆటో ఎక్కేస్తారు, వస్తే రోజు కూలి పోతుంది. రానివాళ్ళకి పిల్లల మీద ప్రేమ లేదని ఒకాయన అన్నప్పుడు నాకు చాలా బాధేసింది, అక్కడే చెప్పా, అన్నయ్యా, వాళ్ళు ఆ ఎండలో వంగి కోసేది పిల్లల కోసమే కదా అని. అప్పట్నుంచి మీటింగ్‌కి ముందురోజు రాత్రి వంటలయ్యాక నేనూ వదినా వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఏం అడగాలో తెలుసుకుని వస్తున్నాం. ఫోన్లో గ్రూపు ఉంది కానీ అందరికీ స్మార్ట్‌ఫోన్లు లేవు, అరుగు మీద కూర్చుని మాట్లాడితే వచ్చినన్ని విషయాలు గ్రూపులో రావు.

మధ్యాహ్న భోజనం చూసే పని బడి పక్కనే ఇల్లున్న ఇంకో అమ్మ తీసుకుంది. డిసెంబర్ 7 శనివారం మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కి మాత్రం నేను ఆదివారం డ్యూటీ చేస్తానని మా సార్‌ని ఒప్పించుకుని వెళ్ళా. అమ్మలకి ముగ్గుల పోటీ, నాన్నలకి తాడు లాగే ఆట పెట్టారు. అదైపోయాక పాప నా చెయ్యి పట్టుకుని బాత్రూం దాకా తీసుకెళ్ళి కుళాయి తిప్పి చూపించింది, తర్వాత కొత్త గడియ వేసి తీసి చూపించింది. వెనకాల ఇంకో నలుగురు పిల్లలు నిలబడి చూస్తున్నారు. నేనేం మాట్లాడలేకపోయా.

ఈవారం నాకు నైట్. తాళంచెవి వదిన దగ్గరుంది, వాల్వ్ తిప్పడం మూడో తరగతిలో ఉన్న ఇంకో పిల్లాడి నాన్నకి నేర్పించా, పాలు పోసి ఆ దారినే వస్తాడు కాబట్టి. పొద్దున బస్సు దిగి బడి ముందు ఆగి సంపు మూత తీసి చూశా, అంచుదాకా ఉన్నాయి నీళ్ళు.