పిల్లల స్కీ బూట్లకు నడక కవర్లు

కారు ఆపిన చోటి నుంచి కొండ పైకి తీసుకెళ్ళే స్కీ లిఫ్టు దాకా నడవడం చిన్నపిల్లలకి స్కీల మీద కొండ మీంచి జారడం కంటే కష్టం. స్కీ బూటు అడుగు గట్టి ప్లాస్టిక్, చదునుగా ఉంటుంది. చీలమండ దగ్గర వంగదు. తడి టైల్స్ మీదా, ఇనుప మెట్ల మీదా, తొక్కి తొక్కి గట్టిపడిన మంచు మీదా జారుతుంది. మా ఆరేళ్ళవాడు ఒక చేత్తో రెయిలింగు, రెండో చేత్తో నా జాకెట్టు పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగేవాడు. వాళ్ళక్క కింద నుంచి "రారా, లైను పెరిగిపోతోంది" అని తొందరపెట్టేది. అందుకే ఈ శీతాకాలం ఇద్దరికీ బూట్ల అడుగున తొడిగే రబ్బరు కవర్లు కొన్నాం. పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళ్ళేవాళ్ళు తప్పకుండా కొనుక్కోవాలనే చెబుతాను.

బూటు ముందు భాగాన్ని కవర్లో దూర్చి, వెనకున్న పట్టీని సాగదీసి మడమ మీదికి ఎక్కించాలి. కవరు అడుగు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. దాంతో మడమ ముందు ఆనించి, వేళ్ళ వైపుకి బరువు మార్చుకుంటూ మామూలుగా నడవచ్చు. నడిచేటప్పుడు బూటు పై బకిల్ వదులు చేస్తే ఇంకా హాయి. మావాడు రెయిలింగు పట్టుకోవడం మానలేదు కానీ నా జాకెట్టు వదిలేశాడు. తడి నేల మీదా, సిమెంటు మీదా పట్టు బాగుంది. అద్దంలా మెరిసే గడ్డ మంచు మీద మాత్రం రబ్బరుని నమ్మకండి. అక్కడ చెయ్యి పట్టుకునే నడిపించాలి.

జారకుండా ఉండడం ఒక్కటే అయితే ఇంతగా చెప్పేదాన్ని కాదు. స్కీయింగ్‌కి బూటు అడుగు చాలా ముఖ్యం. ముందూ వెనకా ఉన్న అంచులు, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లో బిగుసుకుంటాయి. పిల్లలు పడ్డప్పుడు కాలు మెలిపడకుండా బైండింగ్ విడిపోవాలి. బూటు ముందు భాగం పక్కకి సాఫీగా జారితేనే అది సరిగ్గా విడిపోతుంది. ఆ అంచుల కొలతలకి ఐఎస్‌ఓ 5355 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో పెద్దల బూట్లు ఎ రకం, పిల్లలవి సి రకం. కంకర, కాంక్రీటు మీద నడిచి అడుగు గీరుకుపోయినా, అరిగిపోయినా ఆ కొలతలు మారతాయి. ఇసుక అంటుకున్నా రాపిడి పెరుగుతుంది. కవరు ఉంటే ఈ అరుగుదలంతా దానికే.

మంచు ఎరగని ఊళ్ళలో పెరిగిన మాకు ఇదంతా కొత్త. పెద్దవాళ్ళని అడిగి తెలుసుకుందామంటే వాళ్ళకీ తెలియదు. మా అమ్మ వీడియోలో మనవరాలి బూట్లు చూసి, "పిల్ల కాళ్ళకి రోళ్ళు కట్టారేంటే!" అంది. దానికి జవాబు నేను చెప్పబోతే మా అమ్మాయి ఫోను లాక్కుంది. బూటు కెమెరా ముందుకి ఎత్తి, అంచు మీద వేలు పెట్టి చూపిస్తూ, "ఇది ఇక్కడ లాక్ అవుతుంది అమ్మమ్మా. నేను పడితే ఊడిపోవాలి. ఊడకపోతే నా కాలు తిరిగిపోతుంది. అందుకే నడిచేటప్పుడు కవర్ వేసుకుంటాం" అని వివరించింది. అమ్మ అంతా విని, "మరి స్కీ ఎక్కేటప్పుడు ఆ తొడుగు తియ్యడం మర్చిపోకే తల్లీ" అంది. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త అదే. కవరుతో బైండింగ్‌లోకి ఎక్కకూడదు. తీశాక అడుగున అంటుకున్న మంచుని కూడా గీకెయ్యాలి, లేకపోతే బైండింగ్ సరిగ్గా పట్టదు.

"తెలుగులో మాట్లాడు" అని నేను ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మాయి నోట రెండు ముక్కలకి మించి రావు. అమ్మమ్మకి నిజంగా తెలియని సంగతి, అందులోనూ తనకి బాగా తెలిసినది దొరికితే మాత్రం వాక్యం మీద వాక్యం వస్తుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలు దొర్లితే దొర్లనీ. ఇక్కడి పిల్లల చేత తెలుగు మాట్లాడించాలంటే వాళ్ళ లోకంలోని వస్తువుల గురించే మాట్లాడనివ్వాలని నా గట్టి నమ్మకం.

కొనేటప్పుడు చెప్పుల సైజు చూడొద్దు. బూటు మడమ దగ్గర పక్కన అడుగు పొడవు మిల్లీమీటర్లలో అచ్చయి ఉంటుంది. 20.5 సైజు (అంటే సెంటీమీటర్లలో పాదం పొడవు) పిల్లల బూటుకి అది 245కి అటూ ఇటూగా, కంపెనీని బట్టి మారుతూ ఉంటుంది. మరీ చిన్న బూట్లకి చాలా కవర్లు వదులైపోతాయి. వదులు కవరు తట్టుకుని పడేకంటే లేకపోవడమే మేలు. గ్రిప్‌వాక్ బూట్లయితే అడుగున రబ్బరూ వంపూ ముందే ఉంటాయి. వాటికి కవర్ల అవసరం తక్కువ, మామూలు కవర్లు సరిగ్గా కూర్చోవు కూడా. అయితే ఆ బూట్లకి సరిపడే బైండింగ్‌లే ఉండాలి.

చలికి రబ్బరు బిగుసుకుపోయి, గ్లవ్స్‌తో ఉన్న చిన్న చేతులకి లొంగదు. మా అమ్మాయి తనంతట తనే తొడుక్కుంటుంది, తమ్ముడికి ఇంకా బలం చాలడం లేదు. కొనేముందు పిల్లల చేతే వేయించి, తీయించి చూడండి. తీసిన కవర్లు వాళ్ళ జేబుల్లో పట్టాలి కూడా.

అక్క బూట్లు ఇంకొన్నాళ్ళకి తమ్ముడికి వస్తాయి. వాటి అడుగు అంచులు ఇప్పటికైతే బాగానే ఉన్నాయి. వాడికిచ్చే ముందు, బైండింగ్ సరిచేయించే షాపులోనే వాటినీ పరీక్ష చేయిస్తాం.