మందులు ఉచితమే, దారి ఖర్చుల మాటేంటి?

మా తమ్ముడికి మానసిక జబ్బు వచ్చిందని ఇప్పుడు ఎవరికైనా చెప్పగలుగుతున్నాం. ఇది రాయమన్నదీ వాడే. పేరు మాత్రం వద్దన్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అమ్మాయి వాళ్లకు తనే స్వయంగా చెప్పుకుంటానన్నాడు.

మాది గాజువాక. తమ్ముడు పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. నైట్ షిఫ్టులు వరుసగా పడ్డాక నిద్ర తగ్గింది. ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్ చేసి బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టాడు. ఎవరో తన మాటలు వింటున్నారట. ఎదురింట్లో కుక్కర్ విజిల్ వేస్తే అది తన గురించి పంపిన సైగ అని కిటికీలు మూసేసేవాడు. వంటింట్లోకి వచ్చి, అమ్మ కూర దించేదాకా గిన్నె పక్కనే నిలబడేవాడు. మేం ఎవరైనా ముందు తింటేనే తను తినేవాడు.

చుట్టాలు గాలి సోకిందన్నారు. అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్లి మొక్కుకుంది. గుడికి వెళ్లడం తప్పని నేననను. వచ్చాక అమ్మ చాలా రోజుల తర్వాత కాసేపు కన్ను మూసింది. తమ్ముడికి మాత్రం నిద్ర రాలేదు. తెలిసినవాళ్లు చెప్పిన ఒక ప్రైవేటు డాక్టర్ దగ్గరికి వెళ్తే తలకు స్కాన్ తీయించి, నిద్రమాత్రలు రాసి పంపించారు. వాడితో విడిగా రెండు మాటలైనా మాట్లాడలేదు. స్కాన్ బిల్లు కట్టి బయటికొచ్చాక, ఇక ఎక్కడికి వెళ్లాలో మాకు తెలియలేదు.

14416 నంబరు నేను పనిచేసే కాలేజీ నోటీసు బోర్డు మీద ఉంది. టెలీ మానస్ అంటారు, మానసిక సమస్యలకు ఫోన్‌లోనే సలహా చెప్పే సేవ. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు కేంద్రం మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాబా మీదికి వెళ్లి చేశాను. అవతల ఒకామె తొందరపెట్టకుండా విన్నారు. తింటున్నాడా, నిద్ర ఎన్ని గంటలు, ఎవరినైనా కొట్టాడా, తాగుడు గానీ గంజాయి గానీ ఉందా అని అడిగారు. చివర్లో, "చనిపోవాలని ఉందని ఎప్పుడైనా అన్నాడా? మీరు అడిగారా?" అన్నారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నా భయం. "అలా పుట్టదమ్మా, అడిగితేనే వాళ్లకు చెప్పుకునే వీలుంటుంది" అన్నారామె.

ఆ రాత్రి అడిగాను. కాసేపు గోడవైపే చూసి, "అనిపిస్తోందక్కా" అన్నాడు. నేను ఏడవలేదు, తిట్టలేదు. రేపు ఇద్దరం కలిసి వెళ్దాం అన్నాను, సరే అన్నాడు. ఇంట్లో పురుగులమందు, బ్లేడ్లు, నిద్రమాత్రలు అన్నీ తీసేసి పక్కింట్లో పెట్టాం. ఆ జాగ్రత్త కూడా ఫోన్‌లో ఆమె చెప్పిందే.

మర్నాడు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లాం. విశాఖలో పుట్టి పెరిగినా ఆ గేటు దాటడం అదే మొదటిసారి. "నువ్వు వాల్తేరు ఆసుపత్రికి పోవాల్సినవాడివి" అని చిన్నప్పుడు మా వీధిలో తిట్టుకునేవాళ్లు. ఆ మాట విని పెరిగిన మనిషి కాబట్టే అమ్మ ఆటో దిగనంది. లోపల గొలుసులు వేస్తారని, కరెంటు షాకులు పెడతారని ఆమె భయం. అది ఊరికే పుట్టిన భయమూ కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక షెల్టర్‌కు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల పారిపోలేక మానసిక రోగులు 28 మంది చనిపోయారు. అమ్మ ఆ వార్త టీవీలో చూసింది, మర్చిపోలేదు.

లోపల డాక్టరుగారికి ఆ మాటే చెప్పింది. ఆయన విసుక్కోలేదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని, మత్తు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయడం నిషేధమని వివరంగా చెప్పారు. తర్వాత వాడి పుట్టుక దగ్గర్నుంచి అడిగారు. ఏ వయసులో నడిచాడు, ఎంతవరకు చదివాడు, మా ఇళ్లలో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా. తాతగారి తమ్ముడు ఇల్లు వదిలి వెళ్లిపోయారని, మళ్లీ కనబడలేదని అమ్మ అప్పుడు చెప్పింది. నాకు తెలియని సంగతి అది. మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట.

అడ్మిషన్ కాగితం మీద తమ్ముడు తనే సంతకం పెట్టాడు. వయసొచ్చిన మనిషి తనంతట తాను ఒప్పుకుంటే అలాగే చేర్చుకుంటారు. నీ తరఫున ఎవరుండాలి అని వాణ్నే అడిగారు. నా వైపు చూపించాడు. ఎవరో తనను వెంటాడుతున్నారని నమ్మే మనిషి, ఒకర్ని నమ్మి చెయ్యి చూపించడం నాకు ఎంత పెద్ద విషయమో మాటల్లో పెట్టలేను.

చేరాక జరిగిందంతా చెప్పను, అది వాడి సొంత విషయం. మందు పనిచేసింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత అనుమానాలు మెల్లగా పల్చబడ్డాయి. ఆకలి బాగా పెరిగి ఒళ్లు చేసింది, దానికి నడక, షుగర్ పరీక్షలు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒకే మాట పదేపదే చెప్పారు: బాగానే ఉన్నాను కదా అని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఆపాలంటే నన్నడిగి ఆపండి.

నెలనెలా మందులకు ఓపీకి వెళ్లడం మొదలయ్యాక నాకు రెండో సంగతి కనబడింది. మేం గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాం. నాకు సగం రోజు సెలవు పోతుంది, అంతే. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది పరిస్థితి అది కాదు. విజయనగరం పల్లెల నుంచి, శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి వస్తారు. పాడేరు నుంచి వైజాగ్ నూరు కిలోమీటర్ల పైమాటే.

ఒకామె పలాస దగ్గర్నుంచి కొడుకును తీసుకొచ్చేది. జీడిపిక్కలు కొట్టే పని, వేళ్లన్నీ జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. ముందు రోజు సాయంత్రమే బయల్దేరి, రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో బెంచీ మీద పడుకుని, పొద్దున్నే వచ్చి చీటీ తీసుకునేది. నిద్రలో కొడుకు ఎటైనా వెళ్లిపోతాడని తన చీర కొంగు వాడి చేతికి ముడేసుకునేది. ఓ నెల రాలేదు, మరుసటి నెలా రాలేదు. తర్వాత వచ్చినప్పుడు కుర్రాడు మళ్లీ మొదటికొచ్చేశాడు. "మందులు ఊరికే ఇస్తారు తల్లీ, రావడానికే డబ్బుల్లేవు. నాను రెండ్రోజులు పనికెళ్లకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు" అంది.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. చికిత్స అవసరమై కూడా అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని అందులో తేలింది. కుటుంబాలు నెలకు 1,000 నుంచి 1,500 రూపాయలు పెట్టుకోవాల్సి వస్తోందని, అందులో ఎక్కువభాగం చికిత్సకు, రానుపోను ప్రయాణాలకే అవుతోందని కూడా రాశారు. ఈమె మాట విన్నాక ఆ అంకె నాకు అర్థమైంది. డాక్టరుగారు చెప్పిన ఆ 2017 చట్టంలోని 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే చోట మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. ఆ వైద్యం అందుబాటు దూరంలో ఉండాలని కూడా అంది. హక్కు ఉంది, మందు ఉంది, డాక్టరున్నాడు. మధ్యలో బస్సు టికెట్ లేదు.

విశాఖ ఇవ్వడం తెలియని ఊరు కాదు. సింహాచలంలో అన్నదానానికి, చందనోత్సవం రోజున మజ్జిగకి, మంచినీళ్లకి ఎంతమంది ముందుకొస్తారో మనకు తెలుసు. గుండె ఆపరేషన్ కావాల్సిన పిల్లాడి ఫొటో వాట్సాప్‌లో వస్తే సాయంత్రానికి డబ్బు జమవుతుంది. పిచ్చి అన్న మాట వినబడగానే అదే చెయ్యి ఆగిపోతుంది. బాగుపడరు కదా అంటారు. బాగుపడతారు. మా ఇంట్లో ఒకడు బాగుపడి మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాడు, ఈసారి పగటి షిఫ్టుకు.

కాలేజీలో నలుగురం మాట్లాడుకున్నాం. మొదట ఆసుపత్రికి పళ్లు, దుప్పట్లు పంచుదామన్నారు. నేను వద్దన్నాను. ముందు అక్కడి సోషల్ వర్కర్‌ను అడిగాను, ఎవరెవరు రావడం మానేస్తున్నారు, ఎందుకు అని. పేర్లు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కారణాలు చెప్పారు: చార్జీలు, తోడొచ్చేవాళ్ల కూలి, బయట చేయించుకోవాల్సిన పరీక్షలు. అందుకే డబ్బు మా చేతుల్లో పెట్టుకోకుండా, ఈ పనే చేస్తున్న ఒక రిజిస్టర్డ్ ట్రస్టుకు నెలనెలా పంపుతున్నాం. రోగికి, తోడొచ్చినవాళ్లకి రానుపోను చార్జీ, ఒక పూట భోజనం, పోయిన కూలికి కొంత. ఇచ్చే ముందు వాళ్ల 80జి రిజిస్ట్రేషన్ (విరాళానికి పన్ను మినహాయింపు రావాలంటే ట్రస్టుకు ఉండాల్సింది), గడిచిన ఏడాది లెక్కలు చూపించమన్నాం, చూపించారు. టాక్స్ గురించి అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇదే: పాత పన్ను విధానంలో ఉంటేనే మినహాయింపు వస్తుంది, 2,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు, ట్రస్టు దగ్గర విరాళం సర్టిఫికెట్ తీసుకోవాలి.

పేచీ ఒక్కచోటే వచ్చింది. ఇచ్చినవాళ్లలో కొందరు ఫొటోలు అడిగారు. ఎవరికి అందిందో చూడాలి కదా అన్నారు. గట్టిగా కాదన్నాను. చికిత్సలో ఉన్న మనిషి ఫొటోగానీ వివరాలుగానీ అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న సమాచారానికీ గోప్యత హక్కు వర్తిస్తుంది. చట్టం లేకపోయినా నేను ఒప్పుకునేదాన్ని కాదు. కొంగు ముడేసుకుని పడుకున్న ఆ తల్లిని ఎవరైనా ఫొటో తీసి గ్రూపులో పెట్టి ఉంటే, ఆ కుర్రాడు రేపు బాగుపడి పనికి వెళ్లినప్పుడు దాన్ని ఎవరు తీసేస్తారు? ఒకరిద్దరు ఇవ్వడం ఆపేశారు. మిగతావాళ్లకు రసీదులు, ఎన్ని కుటుంబాలకు ఎంత ఖర్చయిందన్న లెక్క పంపుతున్నాం.

ప్రతిసారీ డబ్బే పరిష్కారం కాదని కూడా తెలిసింది. పలాస కుర్రాడికి రోజూ మాత్రలు మింగించడం కష్టమని డాక్టరుగారు నెలకోసారి వేసే ఇంజెక్షన్‌కు మార్చారు. దాన్ని శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలోనే వేయించుకునేలా రాసిచ్చారు. ఆమె ప్రయాణం సగానికి పైగా తగ్గింది, రాత్రి కాంప్లెక్స్‌లో పడుకునే అవసరం పోయింది. కొందరికి మనం ఇవ్వాల్సింది చార్జీ కాదు, దగ్గర్లో ఏముందో కనుక్కుని చెప్పే మనిషి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉందని చాలా కుటుంబాలకు తెలియదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) వస్తే పింఛనుకు అర్హత ఉంటుంది. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. పలాస ఆమెను వాళ్ల ఊరి సచివాలయానికి వెళ్లి ఆ పరీక్షకు స్లాట్ అడగమన్నాం. చికిత్స కాగితాలన్నీ వరుసగా పిన్ను కొట్టి ఫైలు చేసి ఇచ్చింది మా తమ్ముడే. స్లాట్ వచ్చిందని మొన్న ఫోన్ చేసింది. పరీక్షకు వెళ్లే రోజు కూడా కూలి పోతుంది కాబట్టి, ఆ ఖర్చును వచ్చే నెల లెక్కలో కలపమని ట్రస్టుకు చెప్పాం.