బొందు కింద నల్ల మచ్చ

నాగుల చవితి నాడు మా దూడ పలుపు తెంచుకోకపోతే నాకీ రోగమే వచ్చేది కాదని మా అత్తయ్య వాదన. పుట్ట దగ్గర గడ్డిలో కూర్చోవడం వల్ల వచ్చి ఉంటుందంటే అస్సలు ఒప్పుకోదు. నింద నాగేంద్రుడి మీదికి పోతుందని ఆవిడ భయం. దూడ మీదికి పోతే ఫర్వాలేదు, అది నోరెత్తదు కదా.

మాది పొన్నూరు దగ్గర పల్లె. పుట్ట ఊరి బయట కాలవ గట్టు మీద, తుమ్మచెట్ల పక్కన ఉంటుంది. 2025లో చవితి అక్టోబరు 25న, శనివారం వచ్చింది. అంతకుముందు పడ్డ వానలకి గట్టంతా గరికా తుంగా కలిసి మోకాలెత్తు పెరిగింది. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, పాల చెంబు పట్టుకుని నేనూ తోడికోడలూ పొద్దున్నే వెళ్లాం. తోక తొక్కితే తొలగిపో నాగన్నా, నడుం తొక్కితే మావాళ్లే అనుకో అని ఏటా మొక్కుకున్నట్టే మొక్కుకుని, పుట్టమన్ను చెవులకి రాసుకుని వెనక్కి తిరిగేసరికి మా దూడ చలిమిడి పళ్లెంలో మూతి పెట్టి ఉంది. అదిలిస్తే తుంగలోకి దూరింది. దాని వెనక నేను దూరాను. కాలు జారి కూలబడ్డాను, ఒక చెప్పు కాలవపాలైంది. లేవలేక ఇద్దరం ఆ గడ్డిలోనే కూర్చుని కడుపుబ్బా నవ్వుకున్నాం. పాముని బతిమాలుకున్నాం గానీ ఆ గడ్డిలో ఇంకేముందో మాకేం తెలుసు!

మూడు రోజులకి మొంథా తుపాను. కరెంటు పోయింది, ఈనిక మీదున్న చేలు పడుకుండిపోయాయి. మా ఆయన పగలంతా పొలంలో నీళ్లు బయటికి తీయించడం, రాత్రి వచ్చి మాటాపలుకూ లేకుండా పడుకోవడం. ఆ హడావిడిలోనే నా నడుం దగ్గర, ఎడమ పక్కన, సరిగ్గా లంగా బొందు ముడి పడే చోట ఓ మచ్చ లేచింది. కందిగింజంత ఉంటుంది. చుట్టూ ఎరుపు, మధ్యలో నల్లగా పెచ్చు. నొక్కినా నొప్పి లేదు, దురద అసలే లేదు. బొందు ఒరుసుకుంది కాబోలనుకుని కొబ్బరినూనె రాసి, ముడి కుడి పక్కకి మార్చుకున్నాను. నేను చేసుకున్న వైద్యం అదొక్కటే.

కార్తీక పున్నమి నవంబరు 5న. పొద్దంతా ఉపవాసం ఉండి, సాయంత్రం శివాలయంలో 365 వత్తులు వెలిగించాను. అంత మంట ముందు కూర్చుని కూడా చలితో పళ్లు టకటకలాడాయి. ఉపవాసం పడలేదంది తోడికోడలు. రాత్రికి జ్వరం 103. తలనొప్పి మామూలుది కాదు, కళ్ల వెనక ఎవరో కూర్చుని రుబ్బుతున్నట్టుంది.

మా ఊరి ఆర్‌ఎంపీ రక్తం తీయించి, వైడల్ పరీక్షలో పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ అన్నాడు. అర్ధరాత్రి తలుపు తట్టినా వచ్చే మనిషి, ఆయన మాట మేం కాదనం. మూడు రోజులు ఇంజెక్షన్లు, సెలైన్లు. మాత్ర వేసుకుంటే ఒళ్లు చల్లబడడం, నాలుగ్గంటలకి మళ్లీ కాలిపోవడం. “టైఫాయిడ్ తగ్గడానికి వారం పడతదమ్మా” అన్నాడు. మచ్చ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడిగినా చెప్పి ఉండేదాన్ని కాదేమో.

ఆరో రోజుకి బాత్రూం దాకా వెళ్లొస్తే ఆయాసం. “ఆడవాళ్లకి ఉచితమే కదండీ, బస్సెక్కుదాం” అన్నాను. మా ఆయన నా వంక ఓ చూపు చూసి కారు మాట్లాడటానికి పోయాడు. చేబ్రోలు దాటాక నాకు ఒంటిమీద తెలివి సరిగా లేదు. బుడంపాడు దగ్గర లారీలకి ఆయన డ్రైవర్ కంటే ముందు తిట్లు లంకించుకోవడం మాత్రం గుర్తుంది.

గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి. ప్లేట్‌లెట్లు 70 వేలు, లివర్ పరీక్షల్లో అంకెలు ఎక్కువ, డెంగీ లేదు, మలేరియా లేదు. అప్పుడొచ్చింది డ్యూటీ డాక్టరు, మా అమ్మాయి ఈడుది. తెర లాగి, “ఆంటీ, ఒంటి మీద ఎక్కడైనా మచ్చ గానీ పుండు గానీ ఉందా?” అంది.

“లేదమ్మా.”

“చంకల్లో? రొమ్ముల కింద? గజ్జల్లో?”

నేను ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాను. ఆ పిల్ల వదల్లేదు. “చీర కొంచెం వదులు చేస్తాను, ఏమీ అనుకోకండి” అంటూ తనే కుచ్చిళ్లు జరిపి, బొందు కిందికి లాగి, సెల్లు లైటు వేసింది. “దొరికింది!” అని ఒక్క కేక పెట్టింది. పక్కన ఉన్న ఇద్దరు పిల్ల డాక్టర్లూ పరిగెత్తుకొచ్చారు. సిగరెట్టుతో చురక పెట్టినట్టు ఉంటుందని పుస్తకంలో ఉంటుంది కదా, ఇదే చూడు అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. పెళ్లయి పాతికేళ్లలో మా ఇంట్లోవాళ్లకే తెలియని నా నడుం వాళ్లకి పాఠమైపోయింది. తెర అవతల మా ఆయన ‘దొరికింది’ అన్న మాట విని, ఏ గడ్డో దొరికిందనుకుని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడట.

దాని పేరు స్క్రబ్ టైఫస్. స్క్రబ్ అంటే పొదలట. పొదల్లో, గడ్డిలో, ఎలుకల ఒంటి మీద నల్లి లాంటి పురుగు ఒకటుంటుంది. కుట్టేది పెద్ద పురుగు కాదు, దాని పిల్ల. మిల్లీమీటరులో ఐదో వంతు, కంటికి ఆనదు. ఒంటి మీద పాక్కుంటూ వెళ్లి బట్ట బిగుతుగా ఉన్నచోట ఆగుతుంది. కుట్టినట్టు కూడా తెలియదు. పది రోజులు అటూ ఇటుగా జ్వరం మొదలవుతుంది. చవితి నుంచి పున్నమికి వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండు.

ఒకరి నుంచి ఒకరికి అంటదని చెప్పాకే మా ఆయన ముఖంలో రక్తం కనపడింది. ఊళ్లో చేసిన ఇంజెక్షన్లు ఈ క్రిమి మీద పనిచెయ్యవట. ఐజీఎం అని ఇంకో పరీక్షకి రక్తం పంపి, అది వచ్చేదాకా ఆగకుండానే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి మొదలుపెట్టారు. ఇన్ని సీసాలు ఎక్కించుకున్నాక చివరికి దారికి తెచ్చింది ఆ చిన్న మాత్ర. రెండో రాత్రి చెమటకి దుప్పటి పిండితే నీళ్లొచ్చేట్టు తడిసింది. తెల్లారి ఎవరో వరండాలో కాఫీ పోసుకుంటుంటే ఆ వాసనకి నోట్లో నీళ్లూరాయి. జ్వరం వచ్చాక నాకు ఏదన్నా కావాలనిపించడం అదే మొదలు. నాలుగో రోజు ఇంటికి పంపారు.

ఇంటి దగ్గర పోరు వేరు. మాత్ర పాలతో వేసుకోకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఇంత వేడి చేసే మందు పాలు లేకుండా ఎలా దిగుతుందని అత్తయ్య గ్లాసుతో సిద్ధం. ఆవిడ కంటపడకుండా ఓ రాత్రి గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకున్నాను. గంటకి గుండెల్లో మంట, మింగుడు పడదు. గుండెపోటే అనుకున్నాం, మా ఆయన మళ్లీ కారు కోసం ఫోను తీశాడు. ఆసుపత్రికి చేస్తే నర్సమ్మ తాపీగా, “గ్లాసు నిండా నీళ్లు తాగమన్నాంగా, అరగంట పడుకోవద్దన్నాంగా” అంది. అన్నారు. నేనే వినలేదు.

పథ్యం పేరుతో నాకు గోంగూర దక్కనివ్వలేదు అత్తయ్య. బీరకాయ, పొట్లకాయ, చారు. గుంటూరు జిల్లాలో ఉండి మూడు వారాలు గోంగూర మొహం చూడకపోవడం జ్వరం కంటే కష్టం. దువ్వెనకి జుట్టు ఊడి వస్తూనే ఉంది. మచ్చ మీది పెచ్చు రాలిపోయింది, అడుగున గులాబీ రంగు చర్మం వచ్చింది. ముడి ఇప్పటికీ కుడి పక్కనే వేసుకుంటున్నాను.

నవంబరు 21న పోలి పాడ్యమి. కాలవ రేవుకి వెళ్తానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. తెల్లవారుజామున పెరట్లో తులసికోట ముందు ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు నింపి, అరటి డొప్పల్లో దీపాలు పెట్టి నేనే వదిలాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అందరం కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే కరకరమని చప్పుడు. చూద్దుం కదా, మా దూడ టబ్బులో మూతి పెట్టి డొప్ప నములుతోంది, దీపాలు ఆరిపోయి నూనె నీళ్ల మీద తేలుతోంది.

“నే చెప్పలా, అంతా దీని పనేనని!” అంది అత్తయ్య.