నాన్న, తెలుగు కామెంటరీ

మా నాన్న చాలా ఏళ్లు టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించే క్రికెట్ మ్యాచ్ చూశారు. ఇంగ్లీషు, హిందీ కామెంటరీ అర్థం కాదు మరి. తెలుగులో రావడం మొదలయ్యాక మా రిమోట్ మీద వాల్యూమ్ పెంచే బటన్ గుర్తు అరిగిపోయింది.

ఆయనకి బాగా దగ్గరైన గొంతు వై. వేణుగోపాలరావుది. మన గాజువాక కుర్రాడంటారు ఇప్పటికీ. 2004లో ఇంగ్లండ్ రెండో జట్టు ఇంగ్లండ్-ఎ మీద మన దక్షిణాది జట్టు సౌత్ జోన్ నాలుగో ఇన్నింగ్స్‌లో 501 పరుగుల లక్ష్యాన్ని ఛేదించింది. అందులో 228 నాటౌట్ వేణువే! 2005లో ఇండియాకి ఆడారు. 16 వన్డేలతోనే ఆపేశారు, అది చాలా తక్కువని నా బాధ. 2009లో డెక్కన్ ఛార్జర్స్‌తో ఐపీఎల్ కప్పు, ఆ తర్వాత కొన్నాళ్లకి మైకు.

ఒక ఐపీఎల్ సీజన్‌లో నాన్నకి కంటి ఆపరేషన్ అయింది. టీవీ చూడొద్దన్నారు. నాకేమో టెన్షన్, ఈయన ఊరుకుంటారా అని. కళ్లకి పచ్చ గుడ్డ వేసుకుని కుర్చీలో కూర్చుని, తెలుగు కామెంటరీ పెట్టమన్నారు. వేళ్లతో కుర్చీ చేతి మీద ఏవో గీతలు గీస్తున్నారు.

"ఏంటి నాన్నా?" అన్నాను.

"ఫీల్డింగ్ రా. ఎవరెక్కడున్నారో చెప్తున్నాడుగా, కనిపిస్తోంది" అన్నారు.