షికాగోలో తడి నిక్కరు

నేపర్‌విల్ నుంచి షికాగో సిటీకి ఆదివారం పూట రైల్లో వెళ్లడమంటే ఓపిక ఉండాలి. యూనియన్ స్టేషన్లో దిగి, చలిగాలికి చెవులు మూసుకుని నడిచి, మళ్లీ రెడ్ లైన్ అనే సిటీ రైలు ఎక్కాలి. దానికి 2018లో మనిషికి రెండున్నర డాలర్లు. అంటే అప్పుడే 150 రూపాయల పైమాటే. ఆ డబ్బుతో తెనాలి నుంచి విజయవాడకు ప్యాసింజర్లో ఎన్నిసార్లు తిరగొచ్చో లెక్కేస్తుంటే, "మామయ్యా, ఇక ఆపు" అంది మేనకోడలు.

లారెన్స్ స్టేషన్ నుంచి నాలుగడుగులేస్తే గ్రీన్ మిల్. పాత జాజ్ క్లబ్బు. ఒకప్పటి మాఫియా నాయకుడు అల్ కపోన్ వచ్చి కూర్చునేవాడని చెప్పుకుంటారు. 1986లో ఇక్కడ పొయెట్రీ స్లామ్, అంటే వేదికెక్కి కవితలు చదివే పోటీ, మొదలైంది. మొదలుపెట్టిన మార్క్ స్మిత్ భవన నిర్మాణ పనులు చేసినవాడట. కవిత్వం వినడానికి టిక్కెట్టు! మా ఊళ్లో శాలువా కప్పి టిఫిన్ పెడతామన్నా రారు.

జడ్జీల్ని జనంలోంచే ఎంచుకుని పదికి ఇన్నని మార్కులు వేయిస్తారు. మన అవధానంలో అప్రస్తుత ప్రసంగంతో అడ్డు తగిలేది ఒక్కరే. ఇక్కడ గది గదంతా ఆ పనే.

ఒకమ్మాయి కవిత నచ్చి, చప్పట్లకు బదులు చిటికెలు వేశాను. అమెరికాలో అదే మర్యాదని ఎవరో చెప్పారు. పక్క టేబుల్ ఆయన గుర్రుగా చూశాడు. ఇక్కడ మాత్రం చిటికెలంటే 'ఇక చాలు, దిగు' అనట! విసుగు ముదిరితే కాళ్లతో నేల తంతారు. ఆ పిల్ల ముఖం వంక చూడలేక మెనూ కార్డు చదువుకున్నాను.

తర్వాత ఓ యాభై ఏళ్లాయన ఉత్త చేతులతో వచ్చాడు. బిళ్లలు వేస్తేనే తిరిగే లాండ్రీ మెషిన్ల కోసం వాళ్లమ్మ శనివారం రాత్రి పావు డాలర్ బిళ్లలు బల్లమీద రెండు కుప్పలు పోసేదట. ఉతకడానికో కుప్ప, ఆరబెట్టడానికో కుప్ప. రెండో కుప్పకు ఒక్క బిళ్ల తగ్గినా ఆయన జీన్స్ ఇల్లు వెచ్చబెట్టే రేడియేటర్ మీదికి పోయేది. సోమవారం బడిలో కూర్చుని లేస్తే బెంచీ మీద తడి మరక. పిల్లలు ఏమన్నారో ఆయన చెప్పలేదు. గదిలో ఒక్క చిటికె వినపడలేదు.

యాస వల్ల నాకు సగమే అర్థమైంది. ఆ సగమే మా వంటింట్లోకి లాక్కుపోయింది. ముసురు పట్టిన రోజుల్లో అమ్మ కంచు చెంబులో నిప్పులు పోసి, నా ఖాకీ నిక్కరు మీద రుద్దేది. ఆవిరి లేచేది, బొగ్గు వాసన. నడుము పట్టీ మాత్రం ఎంత రుద్దినా ఆరేది కాదు. బళ్లో సాయంత్రం దాకా ఒంటికి అతుక్కునే ఉండేది. ఎన్ని ఉగాది కవి సమ్మేళనాల్లో కూర్చున్నానో! ఏటా అదే కోయిల, అదే వేపపూత. తడి నిక్కరు ఎవరూ చదవలేదు. నేనూ రాయలేదనుకోండి.

తిరుగు రైలు తప్పిపోయింది. స్టేషన్ బల్లమీద కూర్చుని, అక్కడ తెల్లవారే ఉంటుందని తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, అమ్మ కంచు చెంబు ఎక్కడుందిరా?"

"అదా? ఎప్పుడో స్టీలు సామాన్లవాడికి వేసేశాం కదన్నయ్యా. రెండు గిన్నెలొచ్చాయి. ఏం, ఇప్పుడెందుకు?"